స్టీవియా టీ చేదెక్కుతోంది, బెల్లానికి మారిపోమంటారా?

ప్రశ్న: మాది పాకాల దగ్గర పల్లె. మా ఆయనకు 54 ఏళ్ళు, బరువు 70 కిలోలు. అయిదేళ్ళుగా షుగర్ ఉంది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రెండు పూటలా వేసుకుంటారు. మొన్న తిరుపతిలో చేయించిన మూడు నెలల సగటు షుగర్ పరీక్షలో (హెచ్‌బీఏ1సీ) 8.2 వచ్చింది. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాల చక్కెర ఆయన అలవాటు. మా అల్లుడు చక్కెర బదులు వాడే స్టీవియా పొడి డబ్బా తెచ్చిస్తే, చక్కెర మానేసి అదే రెండు చెంచాలు వేస్తున్నాను. గొంతులో చేదు మిగులుతోందని కప్పు పక్కన పెట్టేస్తున్నారు. డబ్బా వెనక మాల్టోడెక్స్‌ట్రిన్, 960 అని రాసుంది. మా అత్తమ్మేమో ఈ పొడులెందుకు, మన బెల్లం వేసివ్వు, అది సహజం కదా అంటుంది. నర్సరీలో మధుపత్రి (స్టీవియా) మొక్క కూడా కొన్నాను. ఆకు నమిలితే షుగర్ దిగుతుందని చెప్పారు. సంక్రాంతి పొంగలి స్టీవియాతో చేయవచ్చా? అయిదో నెల కడుపుతో ఉన్న మా అమ్మాయీ, నాలుగేళ్ళ మనవడూ వాడొచ్చా?

జవాబు: అమ్మా, ముందు మీ చెంచా సంగతి చూద్దాం. ఆ డబ్బాలోని పొడిని చక్కెర కొలతలో వేయకూడదు. టీ చేదెక్కింది అందుకే. చక్కెర మానేసినా మీ ఆయనకు షుగర్ అనుకున్నంత దిగకపోతే దానికీ ఆ రెండు చెంచాలే కారణం కావచ్చు.

స్టీవియా ఆకులో తీపినిచ్చే పదార్థాలను స్టీవియాల్ గ్లైకోసైడ్లు అంటారు. మీ డబ్బా మీద ఉన్న 960 వాటి సంఖ్యే. ఆకు నుంచి తీసి శుద్ధి చేసిన పొడి చక్కెర కన్నా 200 నుంచి 300 రెట్లు తియ్యగా ఉంటుంది. టీ చెంచాడు చక్కెర నాలుగైదు గ్రాములు తూగుతుంది. అంత తీపి రావడానికి శుద్ధమైన స్టీవియా 20 మిల్లీగ్రాములు చాలు. అంటే చెంచా కొసకు అంటుకునే ధూళి. దాన్ని ఏ ఇంట్లోనూ కొలవలేరు కాబట్టి, అమ్మేవాళ్ళు దాన్ని వేరే పొడిలో కలిపి చెంచాకు అందేలా చేస్తారు. కొన్నవాళ్ళు అడగాల్సింది ఆ వేరే పొడి ఏమిటని. డబ్బా ముందు పచ్చటి ఆకు బొమ్మ ఉంటుంది, లోపల తూకంలో నూటికి తొంభై వంతులకు పైగా ఆకుతో సంబంధం లేనిదే ఉండవచ్చు.

మీ డబ్బాలో ఆ పొడి మాల్టోడెక్స్‌ట్రిన్. పిండిని విడగొట్టి చేసే పదార్థం. నాలుకకు తియ్యగా అనిపించదు గానీ కడుపులోకి వెళ్ళాక గ్లూకోజుగా మారి, దాదాపు గ్లూకోజంత వేగంగా రక్తంలో కలుస్తుంది. కేలరీలు కూడా గ్రాముకు నాలుగు, చక్కెరతో సమానం. ఈ పొడి తేలిక, చెంచాకు రెండున్నర గ్రాములు వేసుకున్నా రెండు చెంచాలకు అయిదు గ్రాములు, నాలుగు టీలకు 20 గ్రాములు. మునుపు చక్కెర రోజుకు 35 నుంచి 40 గ్రాములు పడేది. అంటే మీరు అంతా మానేశామనుకుంటున్నారు, నిజానికి సగమే మానేశారు.

ఇక చేదు. నాలుక మీద స్టీవియా తీపిని పట్టే చోట్లనే కాక చేదును పట్టే చోట్లను కూడా తాకుతుంది. తక్కువగా ఉన్నప్పుడు తీపి ముందుంటుంది, మోతాదు పెరిగేకొద్దీ చేదు పైకి వస్తుంది. పైగా దీని తీపి ఆలస్యంగా తెలుస్తుంది, తెలిసాక చాలాసేపు పోదు. ఒక గుక్క తాగి చప్పగా ఉందే అని ఇంకో చిటికెడు వేస్తాం, కప్పు అయ్యేసరికి గొంతులో చేదు. చక్కెర టీ లాగా వేసిన వెంటనే రుచి చూసి సరిచేయడం దీనికి పనికిరాదు. తక్కువ వేసి, కలిపి, రెండు మూడు గుక్కలు తాగి ఆగాలి. ఆకులోని రకాల్లో స్టీవియోసైడ్ కన్నా రెబాడియోసైడ్ ఎ అనేదానికి చేదు తక్కువ. డబ్బా మీద రెబ్ ఎ 95 శాతం, 97 శాతం అని రాసి ఉంటే అది మేలు రకం.

కొత్త డబ్బా కొనేటప్పుడు వెనక పదార్థాల వరుస చదవండి. మొదట రాసింది తూకంలో ఎక్కువ ఉన్నది, చివర రాసింది అన్నిటికన్నా తక్కువ ఉన్నది. మాల్టోడెక్స్‌ట్రిన్, డెక్స్‌ట్రోజ్ అనే పేర్లు కనిపిస్తే వదిలేయండి. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే. 955 అంటే సుక్రలోజ్, 951 అంటే ఆస్పర్టేమ్. ఇవి స్టీవియా కావు, కృత్రిమంగా చేసినవి. తీపి పెంచడానికి వీటిని కలిపి ముందు వైపు మాత్రం ఆకు బొమ్మ వేసే డబ్బాలున్నాయి. 968 అంటే ఎరిత్రిటాల్. ఇది షుగర్ పెంచదు, నోట్లో పిప్పరమెంటు లాంటి చల్లదనం వస్తుంది. ఎక్కువైతే కడుపు ఉబ్బరం, విరేచనాలు కావచ్చు. 2023లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని చెప్పారు. ఎరిత్రిటాల్ మన శరీరంలోనే కొంత తయారవుతుంది కాబట్టి, దాన్ని తిన్నందువల్లే జబ్బు వచ్చిందని ఆ ఒక్క పరిశీలనతో తేలదు. అయినా గుండె జబ్బు ఉన్నవారు, షుగర్ చాలా ఏళ్ళుగా ఉన్నవారు అది లేని రకం చూసుకోవడమే మంచిదని మా సలహా.

ఏ కలుపూ లేని స్టీవియా మాత్రలుగా, చుక్కలుగా కూడా దొరుకుతుంది. శుద్ధమైన పొడి దొరికితే ఇంట్లోనే చుక్కల మందులా చేసుకోవచ్చు, ఖర్చూ తక్కువే. గ్రాము తూచగల చిన్న త్రాసు కావాలి. ఒక గ్రాము పొడిని, కాచి చల్లార్చిన 50 మిల్లీలీటర్ల నీళ్ళలో వేసి పూర్తిగా కరిగే వరకు కలపండి. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఇందులో ఒక మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల స్టీవియా ఉంటుంది, అంటే టీ చెంచాడు చక్కెర తీపి. పిల్లల మందుతో వచ్చే చుక్కల గొట్టంతోనో సూది తీసిన సిరంజితోనో కొలవండి. గొట్టం లేకపోతే సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. నాలుగు టీలకు రెండేసి మిల్లీలీటర్ల చొప్పున వాడితే ఆరు రోజుల్లో అయిపోతుంది. అది మంచిదే, ఇందులో నిల్వకు ఏమీ వేయలేదు కాబట్టి వారం దాటి ఉంచకూడదు. మబ్బుగా మారినా, వాసన వచ్చినా పారబోయండి.

మీ ఆయనకు ఒక్కసారిగా రెండు మిల్లీలీటర్లు వేయవద్దు. నాలుగైదు రోజులు ఒకటిన్నరతో ఇవ్వండి, తరువాత ఒకటికి దించండి. నాలుక తక్కువ తీపికి అలవాటు పడుతుంది. పొయ్యి మీద నుంచి దించాక వేయండి. మరిగితే స్టీవియా పాడవుతుందని కాదు, టీ వేడికి దానికేమీ కాదు. దించాక వేస్తే ఎవరి కప్పుకు వారి కొలత ఉంటుంది. అల్లం, యాలక్కాయ దంచి వేస్తే చివర మిగిలే చేదు చాలావరకు కప్పుకుపోతుంది. ఆకు ఎక్కువసేపు మరిగించిన నల్లటి టీలో వగరూ ఇదీ కలిసి మరీ చేదనిపిస్తుంది, మరిగించడం కాస్త తగ్గించి చూడండి.

ఎంత వరకు వాడొచ్చనే లెక్క కూడా ఉంది. ఆహార సంకలనాలను పరీక్షించే అంతర్జాతీయ నిపుణుల సంఘం 2008లో కిలో శరీర బరువుకు రోజుకు 4 మిల్లీగ్రాముల స్టీవియాల్ (తీపి పదార్థం పేగుల్లో విడిపోయాక మిగిలేది) వరకు జీవితాంతం తీసుకున్నా భయం లేదని చెప్పింది. 70 కిలోల మనిషికి అది 280 మిల్లీగ్రాముల స్టీవియాల్, శుద్ధమైన పొడి లెక్కలో సుమారు 700 నుంచి 800 మిల్లీగ్రాములు. మీ ఆయన నాలుగు టీలకూ కలిపి వాడేది 160 మిల్లీగ్రాములు. మన దేశంలో దీన్ని ఆహారంలో వాడుకోవడానికి 2015లో అనుమతి వచ్చింది. ఇది చిన్నపేగుల్లో అరగదు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దీన్ని విడగొడతాయి, మిగిలిన స్టీవియాల్‌ను కాలేయం మార్చి మూత్రం గుండా పంపేస్తుంది. అందుకే కేలరీలు రావు, షుగర్ పెరగదు, పళ్ళు పుచ్చవు. బోలెడంత మోతాదులో, అంటే రోజుకు 750 నుంచి 1,500 మిల్లీగ్రాములు మాత్రలుగా మింగించి చూసినప్పుడు కొందరిలో బీపీ కొంత తగ్గింది. టీలో వేసే మోతాదుకు అంత ప్రభావం ఆశించనక్కరలేదు.

ఇంతకన్నా ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది, అది ఏ డబ్బా మీదా కనపడదు. మీ ఆయన మాత్రలో గ్లిమిపిరైడ్ ఉంది. తిన్నా తినకపోయినా అది క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగర్ మరీ పడిపోవడం అరుదు, గ్లిమిపిరైడ్ వాడేవారికి పడిపోవచ్చు. రోజూ వచ్చే 40 గ్రాముల చక్కెర హఠాత్తుగా ఆగిపోయి, ఆ రోజు పొలం పని ఎక్కువై, అన్నం ఆలస్యమైతే చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబాటు రావచ్చు. గ్లూకోమీటరులో 70 కన్నా తక్కువ చూపిస్తే అది షుగర్ పడిపోవడమే. మీటరు దగ్గర లేకపోతే ఈ లక్షణాలు చాలు, ఆగకండి. అప్పుడు స్టీవియా టీ ఇస్తే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. నాలుకకు తీపి తెలుస్తుంది, స్టీవియా వల్ల రక్తంలోకి ఒక్క గ్రాము గ్లూకోజు కూడా పోదు. మూడు నిండు చెంచాల చక్కెర గాని గ్లూకోజు పొడి గాని అర గ్లాసు నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్ళీ చూడండి, ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ అంతే ఇవ్వండి. తేరుకున్నాక కొంచెం అన్నమో ఇడ్లీయో పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

మాత్రల అట్ట తిప్పి పేర్లన్నీ చదవండి. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్‌లతో పాటు వోగ్లిబోస్ అనే మూడో పేరు ఉంటే చక్కెర నీళ్ళు త్వరగా పనిచేయవు. చక్కెర పేగుల్లో విడిపోయి గ్లూకోజు అయ్యే పనినే ఆ మందు నెమ్మది చేస్తుంది. అలాంటివారికి మందుల షాపులో దొరికే గ్లూకోజు పొడే ఇవ్వాలి. ఇంట్లో చక్కెర డబ్బా ఖాళీ చేసినా గ్లూకోజు పొట్లం ఒకటి వంటింట్లోనూ, ఒకటి ఆయన చొక్కా జేబులోనూ తప్పకుండా ఉండాలి. చక్కెర మానేసిన సంగతి డాక్టరుగారికి చెప్పండి, మాత్ర మోతాదు తగ్గించాల్సి రావచ్చు.

మీ అత్తగారి మాటలో ఆప్యాయత ఉంది, చిత్తూరు బెల్లం మీద నమ్మకమూ ఉంది. చిత్తూరు మండీలకు వచ్చే బెల్లం రుచికి పేరు ఎందుకొచ్చిందో తిన్నవాళ్ళకు తెలుసు. కానీ గానుగ దగ్గర జరిగేది ఆమెకే గుర్తు చేయండి. చెరకు రసాన్ని మరిగించి, సున్నం వేసి మడ్డి తీసేసి, పాకం వచ్చే వరకు కాచి అచ్చుల్లో పోస్తారు. నీళ్ళు పోగా మిగిలేది చక్కెరే. 100 గ్రాముల బెల్లంలో 85 నుంచి 95 గ్రాములు చక్కెరలే ఉంటాయి. కేలరీలు సుమారు 380, తెల్ల చక్కెరలో 400. షుగర్ ఉన్నవారి రక్తానికి ఈ రెంటి మధ్య తేడా తెలియదు. బెల్లంలో ఇనుము ఉందన్నది నిజమే, కానీ 100 గ్రాములకు కొన్ని మిల్లీగ్రాములే. టీలో వేసే పది గ్రాముల ముక్కలో అర మిల్లీగ్రాముకు మించదు. ఆ కాస్త ఇనుము గుప్పెడు తోటకూరలోనూ దొరుకుతుంది. పైగా బెల్లం తీపి చక్కెరకన్నా కొంచెం తక్కువ, అదే రుచికి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. తాటి బెల్లం, తేనె కూడా ఇదే లెక్క. తేనెలో అయిదో వంతు దాకా నీళ్ళుంటాయి, మిగిలినదంతా దాదాపు చక్కెరలే.

షుగర్ లేని మీ అత్తగారు బెల్లం తినడానికి అభ్యంతరం లేదు. కొనేటప్పుడు మాత్రం మిలమిల మెరిసే పసుపు దిమ్మెల జోలికి పోవద్దు. రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం వేసి ఉండవచ్చు. ముదురు గోధుమ రంగు బెల్లం తీసుకోండి.

సహజం అనే మాట షుగర్ విషయంలో ఏమీ చెప్పదు. తోటలో పండిన తోతాపురి మామిడీ సహజమే, రెండు తింటే మీటరులో తెలుస్తుంది. స్టీవియా షుగర్ పెంచకపోవడానికి కారణం అది ఆకు కావడం కాదు, అందులోని తీపి పదార్థం మన పేగులకు అరగకపోవడం.

ఆకు నమిలితే షుగర్ దిగుతుందని నర్సరీలో చెప్పారన్నారు. ఇక్కడ రెండు ఆకులు కలగాపులగమయ్యాయి. మధుపత్రి అంటే స్టీవియా, తియ్యగా ఉంటుంది. పొడపత్రి వేరు, అది తూర్పు కనుమల పొదల్లో అల్లుకునే తీగ. దాని ఆకు నమిలి చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుకలా ఉంటుంది. అరగంట, ఒక్కోసారి గంట దాకా తీపి తెలియదు. షుగర్ తగ్గిస్తుందని నాటు వైద్యంలో వాడేది ఆ పొడపత్రిని. మీ ఆయన వేసుకునే మాత్రతో దాన్ని కలిపితే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది, డాక్టరును అడగకుండా పెట్టవద్దు. మధుపత్రి ఆకు మందు కాదు. చక్కెర బదులు వాడితే, ఆ మానేసిన చక్కెర మేరకే లాభం. చక్కెర తింటూ దీన్ని కూడా నమిలితే ఏమీ ఒరగదు.

కొన్న మొక్కను పారేయనక్కరలేదు, అప్పుడప్పుడు వాడుకోవచ్చు. దీని పుట్టిల్లు పరాగ్వే. అక్కడి గ్వారానీ తెగవారు తరతరాలుగా ఈ ఆకును పానీయాల్లో వేసుకునేవారు. 15 నుంచి 30 డిగ్రీల వేడి దీనికి హాయి. మన తిరుపతి, చిత్తూరు ఎండలు ఏప్రిల్, మేలో 40 దాటితే ఆకు మాడి ముడుచుకుపోతుంది. ఆ రెండు నెలలు సగం నీడ పడే పచ్చవల కిందనో, పొద్దుటి ఎండ మాత్రమే తగిలే తూర్పు గోడ పక్కనో పెట్టండి. 12 అంగుళాల కుండీలో ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమానంగా కలపండి. అడుగున రంధ్రాలు తప్పనిసరి. వేసవిలో రోజూ నీళ్ళు కావాలి, కానీ నిలిస్తే రెండు రోజుల్లో వేరు కుళ్ళుతుంది. కాండం మొదలు నల్లబడిందంటే ఇక మొక్క బతకదు, వెంటనే పై కొమ్మలు నాలుగు అంగుళాలు కత్తిరించి వేరే మట్టిలో గుచ్చండి. దీని విత్తనాలు సరిగా మొలవవు, కొమ్మలతోనే పెంచుకోవాలి.

పగటి పొద్దు తక్కువైతే ఇది తొందరగా పూతకు వస్తుంది. పూస్తే ఆకులో తీపి తగ్గుతుంది. మొగ్గ కనిపించగానే గిల్లేయండి. నాటిన మూడు నాలుగు నెలలకు, మొగ్గ తొడిగే సమయానికి, నేల నుంచి నాలుగు అంగుళాలు వదిలి పైదంతా కోయండి. మళ్ళీ చిగురిస్తుంది, రెండు మూడు నెలలకు ఇంకో కోత వస్తుంది. ఆకులు దూసి నీడలో, గాలి ఆడే చోట రెండు మూడు రోజులు ఆరబెట్టండి. నలిపితే గలగలమని పొడి కావాలి. తేమ మిగిలితే సీసాలో బూజు పడుతుంది.

ఎండిన ఆకు చక్కెర కన్నా 10 నుంచి 15 రెట్లు తియ్యన. 200 మిల్లీలీటర్ల నీళ్ళు మరిగించి పొయ్యి ఆర్పేసి, 10 గ్రాముల ఎండాకు వేసి మూతపెట్టి అరగంట ఉంచి పలచటి గుడ్డలో వడకట్టండి. ఆకును నీళ్ళతో పాటు మరిగిస్తే పసరు చేదంతా దిగుతుంది. ఈ కషాయం ఒక టీ చెంచాడు సుమారు అర నుంచి ముప్పావు చెంచాడు చక్కెర తీపినిస్తుంది. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలుస్తుంది. అయితే ఒక్కో మొక్కలో, ఒక్కో కోతలో తీపి మారుతుంది, కొలత నిలకడగా ఉండదు. అదీగాక భద్రత పరీక్షలు జరిగిందీ, అనుమతులు వచ్చిందీ శుద్ధి చేసిన రకానికి. ముడి ఆకును, దాని కషాయాన్ని అమెరికా ఆహార, ఔషధ సంస్థ తీపి పదార్థంగా ఒప్పుకోలేదు. అందుకే ఏళ్ళ తరబడి రోజుకు నాలుగు టీలు తాగే మనిషికి శుద్ధమైన చుక్కలే మేలు. ఆకు కషాయం ఎప్పుడైనా నిమ్మరసంలోకి సరే.

ఇదే కారణంతో మీ అమ్మాయికి ఆకు, కషాయం వద్దు. శుద్ధమైన స్టీవియా తక్కువ మోతాదులో గర్భిణులకు హాని చేస్తుందనే ఆధారాలు లేవు గానీ, ఆమెకు షుగర్ లేకపోతే టీలో చక్కెర ఒక చెంచాకు తగ్గించుకుంటే సరిపోతుంది. గర్భంలో వచ్చే షుగర్ పరీక్ష 24 నుంచి 28 వారాల మధ్య చేస్తారు, అది తప్పించుకోవద్దు. మనవడికి ఏ రకమూ అక్కరలేదు. పిల్లవాడి నాలుక ఇప్పుడే తీపి కొలత నేర్చుకుంటోంది, పాలు ఉత్తవే ఇవ్వండి. ఒళ్ళు తగ్గాలని ఇంట్లో ఇంకెవరైనా ఈ డబ్బా అందుకుంటే ఆపండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో, బరువు అదుపు కోసం స్టీవియాతో సహా ఏ చక్కెర బదులు తీపినీ వాడవద్దని సూచించింది. అప్పటికే షుగర్ జబ్బు ఉన్నవారికి ఆ సూచన వర్తించదని కూడా అదే చెప్పింది.

పొంగలి సంగతి. బెల్లం పొంగలికి తీపి ఒక్కటే ఇవ్వదు. కరిగి పాకమై మెతుకు మెతుకునూ పట్టుకుంటుంది, మెరుపునిస్తుంది, నెయ్యితో కలిసి ముద్ద కడుతుంది. స్టీవియాతో చేస్తే విడివిడిగా, పాలిపోయి, తియ్యటి పప్పన్నంలా ఉంటుంది. లడ్డుకు బూంది నిలవాలన్నా, అరిసె పిండి కలవాలన్నా, ఓళిగ (బొబ్బట్టు) పూర్ణం ఉండ కట్టాలన్నా పాకమే కావాలి. వీటిలో స్టీవియా వేసి సరుకు పాడు చేసుకోవద్దు. అది పనికివచ్చే చోట్లు వేరే ఉన్నాయి. టీ, కాఫీ, నిమ్మరసం, పాలు, పలచటి రాగి జావ.

పండుగ పొంగలి బెల్లంతోనే చేయండి. గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, గ్లాసున్నర బెల్లం కొలతలో చేస్తే, 50 గ్రాములకు, అంటే రెండు పెద్ద చెంచాలకు, సుమారు 20 గ్రాముల పిండిపదార్థం వస్తుంది. మీ ఆయనకు ఆ రెండు చెంచాలు భోజనం మధ్యలో పెట్టి, అన్నం రెండు ముద్దలు తగ్గించండి. ఖాళీ కడుపుతో పొద్దున్నే ప్రసాదంగా పెట్టవద్దు. తిరుమల నుంచి వచ్చిన లడ్డు కూడా ఇదే పద్ధతి. ఉసిరికాయంత తుంచి, అన్నంతో పాటే.

8.2 అన్నది టీలోని చక్కెర ఒక్కటే తెచ్చిన అంకె కాదమ్మా. 100 గ్రాముల బియ్యంలో 78 గ్రాముల పిండిపదార్థం ఉంది. రాగి పిండిలో 70 దాకా ఉంది. సంగటి ఎంత తిన్నా షుగర్ రాదని మన పల్లెల్లో గట్టిగా నమ్ముతారు. బియ్యం కన్నా రాగిలో పీచు, కాల్షియం ఎక్కువ, అది మంచిదే. కానీ రెండు పెద్ద ముద్దలు తింటే నాలుగు టీల చక్కెర కన్నా రెట్టింపు పైగా పిండిపదార్థం ఒక్క పూటలో పోతుంది. ముద్ద ఒకటి చేసి, ఆకుకూర పప్పు, ఊరిబిండి పచ్చడి, కూర ఎక్కువ పెట్టండి.

చివరగా, డబ్బాను నమ్మాలో వద్దో మీరే తేల్చుకునే పద్ధతి చెబుతాం. భోజనమైన మూడు గంటల తరువాత, సాయంత్రం టీ వేళ ఎంచుకోండి. టీతో బిస్కెట్టు గాని, ఇంకేదైనా గాని వద్దు. మొదటి రోజు తీపి లేని పాల టీ, రెండో రోజు అదే కొలత పాలతో ఇప్పుడున్న డబ్బా పొడి రెండు చెంచాలు, మూడో రోజు కలుపు లేని స్టీవియా చుక్కలు. మూడు రోజులూ తాగే ముందు ఒకసారి, గంటకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి గ్లూకోమీటరుతో చూసి రాయండి. పాలలో కూడా చక్కెర ఉంటుంది, 100 మిల్లీలీటర్లకు అయిదు గ్రాముల దాకా, కాబట్టి మొదటి రోజే అంకె కొద్దిగా పెరుగుతుంది. చుక్కల రోజు అంతే పెరిగితే ఆ చుక్కలు షుగర్ పెంచనివే. డబ్బా పొడి రోజు బాగా పెరిగితే అది అల్లుడికి చూపించి మార్చేయమనండి. ఆ మూడు రోజుల కాగితమూ, మాత్రల అట్టా తీసుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్ళండి. చక్కెర పూర్తిగా మానేసిన రోజు నుంచి లెక్కపెట్టి మూడు నెలలకు మళ్ళీ ఆ పరీక్ష చేయించండి.